ఉప్పుగాలి ఊళ్లలో ఇనుముకి ఏ పూత? సిలికాన్, ఎపాక్సీ, జింకు మధ్య ఎంపిక

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం లాంటి తీరపు ఊళ్లలో ఇనప గేటుకి ముందుగా ఎక్కడ తుప్పు పడుతుందో అందరికీ తెలుసు. అడుగు పట్టీ దగ్గర, గడియ దగ్గర, వెల్డింగ్ అతుకుల దగ్గర ఎర్రటి చార మొదలవుతుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు సముద్రం కనపడదు గానీ పరిస్థితి అంతకంటే మెరుగేం కాదు. రొయ్యల చెరువుల నిండా ఉప్పునీళ్లు, రాత్రంతా వాటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు. ఆ తుంపర గాలిలో కలిసి గట్టు మీది షెడ్డు రేకుకీ, స్టార్టర్ డబ్బాకీ, జనరేటర్‌కీ అంటుకుంటుంది. ఈమధ్య దీనికి మందుగా "సిలికాన్ కోటింగ్" అనే మాట హార్డ్‌వేర్ షాపుల్లోనూ వీడియోల్లోనూ గట్టిగా వినిపిస్తోంది. ఒక్క పూత వేస్తే ఇక తుప్పు మాటే ఉండదన్నట్టు చెప్తున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. సిలికాన్ నాసిరకం సరుకు కాదు. బాగా వేడెక్కే చోట, ఎండ తీవ్రంగా తగిలే చోట, ఎలక్ట్రానిక్ బోర్డుల మీద అది చక్కగా పనిచేస్తుంది. కానీ ఇనుముని అడుగు నుంచి కాచే పని జింకుది, రెండు డబ్బాల సరుకు కలిపి వేసే గట్టి పెయింటైన ఎపాక్సీది. ఆ రెండూ లేకుండా గేటుకో, గ్రిల్‌కో సిలికాన్ ఒక్కటే కొట్టించడం డబ్బు దండగ. పైగా సిలికాన్ నూనె గానీ, స్ప్రే గానీ, సీలెంటు గానీ ఒకసారి పడ్డచోట తర్వాత మామూలు పెయింటు పట్టదు. గుంటలు గుంటలుగా విడిపోతుంది. అందుకే వేసే ముందే ఆలోచించుకోవాలి.

ఉప్పు చేసే పని

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. ఉప్పు చేసే పని ఏమిటంటే, ఆ నీటిని ఆరనివ్వదు. మనం తినే ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, నీరు పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమ సరిపోతుంది. మన డెల్టాలో తేమ అంత తక్కువకి దిగే గంటలు ఏడాదిలో బహు అరుదు. అంటే ఉప్పు పేరుకున్న ఇనుము కంటికి పొడిగా కనిపించినా నిజానికి ఎప్పుడూ సన్నటి తడిలోనే ఉంటుంది. ఆ తడి ఉప్పుది కాబట్టి కరెంటుని బాగా మోస్తుంది, తుప్పు వేగం పెరుగుతుంది.

ఇప్పుడు సిలికాన్ సంగతి. దాని వెన్నెముక కార్బన్ గొలుసు కాదు, సిలికాన్ అనే మూలకపు పరమాణువులు, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్న గొలుసు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని అంత తేలిగ్గా తెంపలేవు, వేడికీ తట్టుకుంటుంది. నీటి బొట్టు దాని మీద తామరాకు మీద పడ్డట్టే జారిపోతుంది. ఇవన్నీ నిజాలే. అమ్మేవాళ్లు చెప్పనిది ఇంకొకటుంది. నీటి బొట్టుని ఆపే సిలికాన్, నీటి ఆవిరిని ఆపదు. ఆక్సిజన్‌ని కూడా లోపలికి వదులుతుంది. పూత కింద ఉప్పు మిగిలి ఉంటే ఆ ఆవిరి లోపలికి వెళ్లి ఉప్పుతో కలిసి అక్కడే తుప్పు మొదలుపెడుతుంది. బయటికి మెరుస్తూనే ఉంటుంది, లోపల పొక్కు లేస్తుంది. ఎపాక్సీ ఈ విషయంలో చాలా మెరుగు. దట్టంగా అల్లుకుని ఇనుముని గట్టిగా పట్టుకుంటుంది. దాని బలహీనత ఎండ. నేరుగా ఎండ తగిలితే పైన సున్నంలా పొడి రాలుతుంది. అందుకే ఎపాక్సీ మీద ఎండకి తట్టుకునే పైపూత ఒకటి కావాలి.

గేట్లు, గ్రిల్సు, షెడ్లు

ఎక్కువమందికి కావాల్సింది ఇదే, దీనికి నాలుగు దారులున్నాయి.

మొదటిది అందరూ వేయించేది: రెడాక్సైడ్ ప్రైమర్ (అడుగుపూత) మీద రెండు కోట్లు ఎనామెల్. ఖర్చు తక్కువ, ఏ పెయింటరైనా వేస్తాడు. రావులపాలెం, తణుకు లాంటి లోపలి ఊళ్లలో ఇంటి లోపలి గ్రిల్‌కి ఇది చాలు. తీరానికీ చెరువు గట్టుకీ చాలదు. ఎందుకో మందం లెక్క చూస్తే తెలుస్తుంది. ఎనామెల్ ఒక కోటు ఆరాక మిగిలేది 25, 30 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ప్రైమర్‌తో కలిపినా మొత్తం వంద మైక్రాన్లు దాటడం కష్టం. పూతల గురించి ప్రపంచమంతా అనుసరించే ఐఎస్ఓ 12944 ప్రమాణం, ఉప్పు ఎక్కువగా ఉండే తీరపు గాలిని సీ5 అనే తరగతిలో పెట్టింది. అక్కడ 15 నుంచి 25 ఏళ్లు నిలవాలంటే జింకు ప్రైమర్ ఉన్న పద్ధతికి మొత్తం 260 మైక్రాన్లు, జింకు లేకపోతే 300 మైక్రాన్లు వేయమంటుంది. ఇంటి గేటుకి అంత పట్టింపు అక్కర్లేదనుకున్నా, వందకీ మూడు వందలకీ ఉన్న తేడాని మరచిపోకూడదు.

రెండోది జీఐ, అంటే గాల్వనైజ్ చేసిన ఇనుము. కరిగిన జింకులో ముంచి తీసింది అయితే మందపాటి ఇనుము మీద సుమారు 85 మైక్రాన్ల జింకు ఉంటుంది. జింకు ఇంటికి పెద్దకొడుకు లాంటిది, తను అరిగిపోతూ ఇనుముని నిలబెడుతుంది. గీత పడ్డా చుట్టూ ఉన్న జింకు ఆ చోటుని కొంతకాలం కాస్తుంది. ఈ గుణం జింకు లేని ఏ పెయింటుకీ లేదు, సిలికాన్‌కి అసలే లేదు. కొత్తగా గేటు చేయించుకునేవాళ్లకి నా సలహా ఇదే: ముందు వెల్డింగ్ అంతా పూర్తి చేయించి, తర్వాత మొత్తం గేటుని గాల్వనైజింగ్‌కి పంపండి. జీఐ పైపు కొని వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అలాగే చేయక తప్పకపోతే అతుకులన్నీ రుద్ది జింకు ఎక్కువగా ఉండే కోల్డ్ గాల్వనైజింగ్ పెయింటు రెండు కోట్లు వేయించండి.

జీఐ విషయంలో అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఇంకొకటి. జీఐ మీద నేరుగా ఎనామెల్ వేస్తే ఏడాదిలోపే అప్పడంలా పెచ్చులూడుతుంది. పెయింటరుని తిడతారు గానీ తప్పు అతనిది కాదు. ఎనామెల్‌లోని నూనెకీ జింకుకీ పడదు, రెండూ కలిసి మధ్యలో సబ్బు లాంటి పొర తయారవుతుంది. జీఐ మీద ముందు జింకుని కొంచెం కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ వేసి తీరాలి.

మూడోది జింకు, ఎపాక్సీ, పీయూ. అడుగున జింక్ రిచ్ ప్రైమర్, మధ్యలో ఎపాక్సీ, పైన ఎండకి తట్టుకునే పాలీయురెథేన్, అంటే పీయూ. తీరానికి ఇది నమ్మకమైన పద్ధతి. ఒక మెలిక ఉంది. జింక్ రిచ్ ప్రైమర్ పనిచేయాలంటే జింకు రేణువు శుభ్రమైన ఇనుముని నేరుగా తాకాలి, అంటే ఇసుక లాంటి రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు ఊడగొట్టే బ్లాస్టింగ్ చేసి ఉండాలి. పాత గేటుని వైర్ బ్రష్‌తో గీకి దాని మీద ఖరీదైన జింక్ రిచ్ వేయిస్తే ఆ డబ్బు వృథా. గీకడం వరకే కుదిరేచోట ఎపాక్సీ మాస్టిక్ తీసుకోండి. అది గట్టిగా అంటుకుని మిగిలిన సన్నటి తుప్పు మీద కూడా పట్టు నిలుపుకుంటుంది. ఒక్క కోటుకే మందంగా కూర్చుంటుంది.

నాలుగోది పాలీసిలోక్సేన్. ఎపాక్సీనీ సిలికాన్ గొలుసునీ కలిపి చేసిన పైపూత ఇది. "సిలికాన్ కోటింగ్" పేరుతో తిరిగే వాటిలో ఇనుముకి నిజంగా పనికొచ్చేది ఇదే. కింద జింక్ ప్రైమర్ వేసి పైన ఇది వేస్తే మధ్యలో ఎపాక్సీ పొర లేకుండా రెండు కోట్లతోనే సరిపెట్టే పద్ధతులున్నాయి. ఎండకి రంగు, మెరుపు పీయూ కంటే ఎక్కువకాలం నిలుస్తాయి. గట్టిపడడానికి గాలిలోని తేమనే వాడుకుంటుంది కాబట్టి మన వాతావరణం దానికి ఇబ్బంది కాదు. పీయూ సంగతి వేరు. ఆరకముందు తేమ తగిలితే బుడగలు లేస్తాయి, మెరుపు పోతుంది. ఇన్ని గుణాలున్నా ఇంటి గేటుకి పాలీసిలోక్సేన్ వేయించమని నేను చెప్పను. ఖరీదు ఎక్కువ, రెండు డబ్బాల సరుకు, కొలత తేడా వస్తే పాడు. కొన్ని రకాలు పెళుసుగా ఉండి దెబ్బ తగిలితే పగులుతాయి. పదేపదే రంగు వేయడానికి ఎక్కలేని టవర్లు, ఎత్తైన ట్యాంకు స్టాండులు, తీరంలోని పెద్ద షెడ్ల స్తంభాలు, వీటికైతే ఆ ఖర్చు సబబు. రెండు మెట్లు ఎక్కితే అందే గేటుకి ఎపాక్సీ, పీయూ చాలు.

స్టార్టర్ డబ్బాలు, ప్యానెళ్లు

రొయ్యల చెరువు మీద అన్నిటికంటే విలువైన వస్తువు ఏరేటర్ ఫ్రేము కాదు, దాన్ని నడిపే ప్యానెల్. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటే వేళ స్టార్టర్ పట్టుకోకపోతే జరిగే నష్టం రైతుకి చెప్పక్కర్లేదు. సిలికాన్ ఎక్కువ మేలు చేసేదీ, తప్పుగా వాడితే ఎక్కువ కీడు చేసేదీ ఇక్కడే.

ముందు సీలెంటు. డబ్బాలోకి కేబుల్ దూరే కంతని చాలామంది అద్దాలకి వాడే మామూలు సిలికాన్ ట్యూబుతో మూసేస్తారు. ట్యూబు మూత తీసి వేలి మీద చుక్క పిండి వాసన చూడండి. వెనిగర్ వాసన ముక్కుకి కొడితే అది అసిటిక్ రకం. ఆరుతున్నంతసేపు ఎసిటిక్ యాసిడ్ ఆవిరిని వదులుతుంది. మూసిన డబ్బాలో ఆ ఆవిరి ఎక్కడికీ పోలేక రాగి తీగల కొసల మీద, ఇత్తడి టెర్మినళ్ల మీద కూర్చుంటుంది. కొన్నాళ్లకి డబ్బా తెరిస్తే స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము కనిపిస్తుంది. జీఐ రేకు మీద వేసినా జింకుని తినేస్తుంది. లోహానికి, కరెంటు డబ్బాకి "న్యూట్రల్ క్యూర్" అని రాసి ఉన్న సీలెంటే కొనండి. ధర కొంచెం ఎక్కువైనా వెనుకాడొద్దు. అసలు కేబుల్ దూరేచోట సరైన సైజు గ్లాండ్ (కేబుల్ చుట్టూ బిగుతుగా పట్టే బిగింపు) బిగించి, కేబుళ్లని డబ్బా అడుగు నుంచి తీసుకుంటే సీలెంటు అవసరమే చాలావరకు తగ్గిపోతుంది.

రెండోది స్ప్రే. స్టార్టర్‌లో కరెంటుని కలిపి తెంచే కాంటాక్టర్ పాయింట్ల మీద సిలికాన్ స్ప్రే కొట్టడం చాలాచోట్ల అలవాటుగా ఉంది. దయచేసి మానెయ్యండి. పాయింట్లు కలిసి విడిపోయేటప్పుడు నిప్పురవ్వ పుడుతుంది. ఆ వేడికి సిలికాన్ కాలి సిలికాగా, అంటే ఇసుకలో ఉండే పదార్థంగా మారి పాయింటు మీద పొరలా కూర్చుంటుంది. దాని గుండా కరెంటు పోదు. తుప్పు రాకూడదని వేసిన సరుకే స్టార్టర్‌ని ఆపేస్తుంది.

మూడోది బోర్డుల మీద పూత, కన్‌ఫార్మల్ కోటింగ్ అంటారు. ఆటోమేటిక్ స్టార్టర్లలో, సెన్సర్లలో ఉండే సర్క్యూట్ బోర్డు మీద వేసే సన్నటి పారదర్శక పొర ఇది. ఇందులో సిలికాన్‌కీ ఆక్రిలిక్‌కీ మధ్య ఎంచుకోవాలి. వేడి బాగా పుట్టే బోర్డుకి, పగలంతా ఎండలో కాగే డబ్బాకి సిలికాన్ మంచిది. సుమారు 200 డిగ్రీల దాకా పాడవదు, మెత్తగా ఉంటుంది కాబట్టి వేడికి సాగి చలికి ముడుచుకున్నా పగలదు. ఆక్రిలిక్ అంత వేడికి ఆగదు గానీ సాల్వెంట్‌తో తుడిస్తే వచ్చేస్తుంది. బోర్డు రిపేరు చేసే కుర్రాడికి అది ఎంతో సౌకర్యం. సిలికాన్ పూతని గీకి తీయాలి, టంకం వేయడం చాకిరీ. తరచూ రిపేరుకి వెళ్లే బోర్డైతే ఆక్రిలిక్, ఒకసారి బిగిస్తే ముట్టుకోని బోర్డైతే సిలికాన్. ఏది వేసినా ముందు బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కనెక్టర్లకీ రిలేలకీ టేపు వేసి, ఆ తర్వాతే పూత వేయాలి.

చెరువుల వాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి ఉంది. అడుగున నల్లమట్టి పేరుకున్న చెరువు నుంచి కుళ్లిన గుడ్ల కంపు వస్తుంది కదా, అది హైడ్రోజన్ సల్ఫైడ్. వెండినీ రాగినీ నల్లబరుస్తుంది. ఆ వాయువుని సిలికాన్ ఆపలేదు, తనలో నుంచి లోపలికి పోనిస్తుంది. అలాంటి కంపు ఉన్న గట్టు మీద బోర్డుకి సిలికాన్ పూసి నిశ్చింతగా ఉండకండి. డబ్బాని ఆ గాలి తగలని దూరానికి మార్చడం, తలుపు రబ్బరు బీడింగ్ బిగుతుగా ఉందో లేదో చూసుకోవడం అంతకంటే మేలు.

సబ్‌స్టేషన్లలో పింగాణీ ఇన్సులేటర్ల మీద సిలికాన్ పూస్తారు కదా, మరి ఇనుముకి ఎందుకు కాదని అడిగేవాళ్లుంటారు. అక్కడ ఆ పూత చేసే పని తుప్పు ఆపడం కాదు. ఉప్పు, దుమ్ము పేరుకున్న ఇన్సులేటర్ తడిస్తే దాని మీదుగా కరెంటు పాకి ఫ్లాషోవర్ అవుతుంది. సిలికాన్ నీటిని బొట్లు బొట్లుగా విడగొట్టి ఆ దారిని తెంపుతుంది. పింగాణీ ఎలాగూ తుప్పు పట్టదు.

సైలెన్సర్లు, మిల్లు పొగగొట్టాలు

ఇక్కడ మాత్రం సిలికాన్‌కి పోటీ లేదు. జనరేటర్ సైలెన్సర్‌కి ఎనామెల్ వేస్తే మొదటి రోజే కాలి పొగవుతుంది. సిలికాన్ అల్యూమినియం పెయింటు 600 డిగ్రీల దాకా తట్టుకునే రకాలున్నాయి. డబ్బా మీద ఎన్ని డిగ్రీలకో చదివి కొనండి, "హీట్ రెసిస్టెంట్" అన్న ఒక్క మాట చూసి కాదు. 200 డిగ్రీల రకం కూడా అదే పేరుతో అమ్ముతారు.

వేసే పద్ధతిలో రెండు విషయాలు గమనించాలి. పలచగా వేయాలి, కోటుకి 20 మైక్రాన్ల చుట్టుపక్కల. మందంగా వేస్తే వేడికి బుడగలు లేస్తాయి. కింద రెడాక్సైడ్ వద్దు, అది కాలి పైపూతని కూడా ఊడదీస్తుంది. బ్లాస్టింగ్ కుదిరితే ఇనార్గానిక్ జింక్ సిలికేట్ ప్రైమర్ వేయండి, 400 డిగ్రీల దాకా ఆగుతుంది. లేకపోతే శుభ్రం చేసిన ఇనుము మీద నేరుగా సిలికాన్ అల్యూమినియం రెండు కోట్లు. ఈ పెయింటు చాలా రకాల్లో సుమారు 200 డిగ్రీల వేడి తగిలితే గానీ పూర్తిగా గట్టిపడదు. అందుకే రంగు వేసి ఆరాక జనరేటర్‌ని మొదట ఖాళీగా, తర్వాత లోడు మీద నడిపి క్రమంగా వేడెక్కనివ్వాలి. రంగు వేసి నెల రోజులు వాడకుండా వదిలేస్తే పొర మెత్తగానే ఉండి గోటికే ఊడొస్తుంది.

ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్ పొగగొట్టానికి కూడా ఇదే మాట, కింది భాగం వరకు. పైకి వెళ్లేకొద్దీ వేడి తగ్గుతుంది. అక్కడ వేడితో గట్టిపడే రకం ఎప్పటికీ గట్టిపడదు. గాలికే ఆరే సిలికాన్ ఆక్రిలిక్ రకం అడిగి తీసుకోవాలి.

నీళ్లలో ఉండేవి

సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు లాంటి ఇనప అడుగున్న వాటికి, ఏరేటర్ ఫ్రేములకి సిలికాన్ వద్దు. ఓడల అడుగున నత్తలూ నాచూ పట్టకుండా వేసే సిలికాన్ పూతలున్నాయి గానీ అవి వేగంగా సాగే ఓడలకి. మెత్తటి పూత, ఇసుక మీద రాసుకుంటే చిరిగిపోతుంది. ఇక్కడ మందపాటి ఎపాక్సీ, దానికి తోడు బోల్టుతో బిగించే జింకు దిమ్మలు. ఏరేటర్ విషయంలో పూత కంటే బోల్టులు ముఖ్యం. స్టెయిన్‌లెస్ ఫ్రేముకి మామూలు ఇనప బోల్టు వేస్తే ఆ బోల్టే ముందు తినేయబడుతుంది. ఉప్పు ఎక్కువగా ఉండే చెరువుల్లో 304 రకం స్టెయిన్‌లెస్‌కి కూడా సూదిమొన గుంటలు పడతాయి. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, అది ఆ గుంటల్ని బాగా తగ్గిస్తుంది. షాఫ్టుకైనా 316 పెట్టించుకోండి.

ఎప్పుడు, ఎలా వేయించాలి

ఏ పూత ఎంచుకున్నా ముందు మంచినీళ్లతో కడగాలి. గీకడం కంటే ముందే కడగాలి, లేకపోతే బ్రష్షు ఉప్పుని గీతల్లోకి ఇంకా తోస్తుంది. గీకాక ఇంకోసారి కడగాలి. ఏ నీళ్లన్నదే అసలు సమస్య. వేసవిలో కాలవలు కట్టేశాక తీరపు ఊళ్లలో చాలాచోట్ల బోరునీళ్లు ఉప్పగా మారతాయి. వాటితో కడిగితే ఉప్పు కడిగినట్టు కాదు, పూసినట్టు. చెరువు రైతుల దగ్గర లవణీయత చూసే రిఫ్రాక్టోమీటర్ ఎలాగూ ఉంటుంది. కడిగే నీటి చుక్క దాని మీద వేసి చూడండి. సున్నా గీత దాటి పైకి కనిపిస్తే ఆ నీళ్లు వద్దు, ట్యాంకరు నీళ్లు తెప్పించుకోండి.

కాలం ఎంచుకోవాలంటే మాఘ, ఫాల్గుణ మాసాలు. తుపాన్లు దాటిపోతాయి, కాలవల్లో నీళ్లుంటాయి, వానలుండవు. మంచు మాత్రం చూసుకోవాలి. గాలిలో తేమ 85 శాతం లోపు, ఇనుము వేడి మంచుబిందువు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే వేడి) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పెయింటు కంపెనీల నియమం. కొలిచే సాధనం లేకపోతే తడిగుడ్డతో ఇనుముని ఒకచోట తుడవండి. ఆ తడి చార పది పదిహేను నిమిషాల్లో ఆరితే మొదలుపెట్టొచ్చు. ఆరకపోతే ఆగాలి. ఆచరణలో ఇది పొద్దున్న పది తర్వాత మొదలై సాయంత్రం మూడున్నర, నాలుగుకి ఆపేయడం అవుతుంది. గీకిన ఇనుముని ఆ రాత్రి మంచులో వదలకూడదు. తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. గీకిన రోజే ప్రైమర్ పడాలి. అందుకని పెయింటరుతో రోజుకి ఎన్ని చదరపు అడుగులు గీకగలడో అడిగి, అంత మేరకే గీకించండి.

పదునైన అంచులు, వెల్డింగ్ అతుకులు, బోల్టు తలల మీద పూత పలచబడిపోతుంది. మొత్తం కోటు వేయడానికి ముందే వాటికి చిన్న బ్రష్షుతో విడిగా ఒక పట్టీ కోటు వేయించండి. పెయింటరు తొందరలో ఉంటే ముందుగా వదిలేసేది ఇదే, కాబట్టి దగ్గరుండి చూసుకోవాలి. పని పూర్తయ్యాక ఎపాక్సీ, పీయూ రెండింటి డబ్బాల్లోనూ విడి భాగాలు కొంచెం కలపకుండా మిగిల్చి మూత బిగించి దాచుకోండి. తుపాను గాలి కొట్టిన మర్నాడు గేటుని మంచినీళ్లతో కడిగి, గీత పడ్డచోట ఆ మిగిలిన సరుకునే కొద్దిగా కలిపి రాయించవచ్చు.